నది మీద నిలిచిన మాట

 

శని, ఆదివారాలకు తోడు మరొక సెలవు కలిసి వచ్చిందంటే చాలు, నలుగురు మిత్రులు ఒక కారులో దూరప్రాంతాలకు బయలుదేరడం నేటి యువతలో పరిపాటి అయింది. ఒకప్పుడు మన కుటుంబాలలో ప్రయాణమంటే పెళ్లికో, పరామర్శకో, వైద్యానికో, వ్యాపారానికో పరిమితమై ఉండేది. ఇప్పుడు కొండను, అడవిని, జలపాతాన్ని చూడడమే ప్రయాణానికి ప్రయోజనమవుతున్నది. ఉరకలు వేసే నదిలో రబ్బరు పడవ మీద సాగే రాఫ్టింగ్ అనే సాహసక్రీడ కూడా మన పిల్లలను ఆకర్షిస్తున్నది. "మా వాడు వెళతానంటున్నాడు హజ్రత్! పంపవచ్చునా? షరీఅత్ దీనికి సమ్మతిస్తుందా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈ నెల ఆ ప్రశ్ననే పరిశీలిద్దాం.

విహారమంతా వ్యర్థమని ఇస్లాం చెప్పలేదు. భూమిలో సంచరించి, అల్లాహ్ సృష్టిని ఏ విధంగా ఆరంభించాడో గమనించమని అన్‌కబూత్ సూరా మానవులను ఆహ్వానిస్తున్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెంలో పాల్గొన్న ఉదంతాన్ని అబూదావూద్ హదీసు గ్రంథం భద్రపరచింది. ఈత నేర్చుకోవడాన్ని వ్యర్థ కాలక్షేపాల జాబితాలో చేర్చరాదని తెలిపే హదీసును నసాయీ ఉల్లేఖించారు. కాబట్టి శరీరానికి చురుకుదనాన్ని, మనసుకు ఉల్లాసాన్ని ఇచ్చే క్రీడ దానంతటదే నిషిద్ధం కాదు. అయితే ధర్మసమ్మతమైన పని కూడా ఎవరి అనుమతితో, ఎంత జాగ్రత్తతో, ఏ మర్యాదతో జరిగిందన్న దానిని బట్టి పుణ్యంగానో పాపంగానో పరిణమిస్తుంది. మనం ఆలోచించవలసింది అక్కడే.

సగం నిజం చాలదు

కొంతకాలం క్రితం, మా మద్రసాలో చదువుకొని ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురు యువకులు నన్ను కలవడానికి వచ్చారు. కర్నూలు నుంచి బళ్లారి, హోసపేట, గదగ్, హుబ్బళ్లి మీదుగా కర్ణాటకలోని దాండేలికి వెళుతున్నామని, అక్కడ కాళీనదిలో రాఫ్టింగ్ చేయబోతున్నామని చెప్పారు. నలుగురికీ అదే తొలిసారి. ప్రయాణంలో నమాజు నియమాలను అడిగి తెలుసుకున్నారు. ముగ్గురు లేచి వెళ్లారు. నాలుగవ యువకుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"హజ్రత్! అమ్మీకి హంపీ చూడడానికి వెళుతున్నామని చెప్పాను. దారిలో హంపీ కూడా చూస్తాము. అది అబద్ధం కాదు కదా?" అని అడిగాడు.

అతని తల్లి ఈ మాట ఎందుకు వినవలసి వచ్చిందో నాకు తెలుసు. ఆమె తమ్ముడు పదిహేడేళ్ల వయసులో తుంగభద్రలో స్నానానికి దిగి తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో నది పేరెత్తితే ఆమె ముఖం వాడిపోతుంది.

"బేటా! నీవు చెప్పిన ప్రతి ముక్కా నిజమే కావచ్చు. కాని విన్నవారు పొరబడాలన్న ఉద్దేశంతో ఏరి కూర్చిన నిజం అబద్ధానికి తోబుట్టువే. మీ అమ్మీ నీ కోసం దుఆ చేస్తూ కూర్చుంటుంది. ఏ దారికి దుఆ చేస్తున్నదో ఆమెకు తెలియనివ్వవా?" అన్నాను.

అతడు తల దించుకొని వెళ్లాడు. ఆ రాత్రి తల్లికి అంతా చెప్పాడు. ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నదట. తరువాత ఒక్కొక్కటే అడిగిందట: వెంట నడిపించేవారు ఉంటారా? ఒంటికి తొడుక్కోవడానికి ఏమి ఇస్తారు? పడవ తిరగబడితే ఎవరు తీస్తారు? సమాధానాలన్నీ విని, చివరికి ఒక షరతు మీద ఒప్పుకొన్నది: "పడవలో కూర్చో. నీ అంతట నీవు నీళ్లలోకి మాత్రం దిగకు."

ధర్మయుద్ధానికి అనుమతి కోరుతూ వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) మొదట అడిగిన ప్రశ్న, తల్లిదండ్రులు జీవించి ఉన్నారా అని. ఉన్నారని తెలియగానే, వారి సేవలోనే శ్రమించమని అతనిని తిప్పి పంపినట్లు బుఖారీ హదీసులో ఉన్నది. అంతటి మహత్కార్యానికే తల్లిదండ్రులను గుర్తు చేసినప్పుడు, రెండు రోజుల వినోదయాత్రకు వారి నుంచి నిజాన్ని దాచడం ఎలా తగుతుంది?

మరొక విషయం. తిరస్కరించబడని ప్రార్థనలను పేర్కొంటూ మహాప్రవక్త (స) పీడితుని దుఆను, ప్రయాణికుని దుఆను, సంతానం విషయంలో తల్లిదండ్రుల దుఆను కలిపి ప్రస్తావించారు. ప్రయాణంలో ఉన్న బిడ్డ, ఇంట్లో ఉన్న తల్లి ఇద్దరూ ఒకే సమయంలో చేతులెత్తితే ఆ ప్రయాణానికి అంతకు మించిన రక్షణ ఏముంటుంది? అబద్ధం చెప్పి బయలుదేరినవాడు ఈ రెండింటిలో ఒకదానిని చేజేతులా పోగొట్టుకుంటున్నాడు.

నీరు ఎందుకు తెల్లబడుతుంది?

మన పెద్దలలో పలువురికి ఈ క్రీడ కొత్త కనుక దాని స్వరూపాన్ని క్లుప్తంగా వివరిస్తాను. నది వాలుగా ఉన్న చోట, లేదా ఇరుకైన రాతి దారిలో దూరిన చోట, నీటి వేగం పెరుగుతుంది. బండలను ఢీకొని ఎగసిపడే నీటిలో గాలి కలిసి నురుగు ఏర్పడుతుంది. అందుకే అక్కడ నీరు తెల్లగా కనిపిస్తుంది. ఇటువంటి ఉరవడులను ర్యాపిడ్లు అంటారు. వాటి తీవ్రతను 1 నుంచి 6 వరకు తరగతులుగా విభజించారు. ఒకటవ తరగతి దాదాపు నిశ్చలమైన ప్రవాహం. ఆరవది ప్రాణాపాయంతో కూడినది, నిపుణులు సైతం సాహసించడానికి వెనుకాడేది. కొత్తవారిని తీసుకువెళ్లే చోట్ల సాధారణంగా 2, 3 తరగతుల ఉరవడులు ఉంటాయి. కాళీనదిలోనివి ఈ కోవకు చెందినవే.

కాళీనది ఉత్తర కన్నడ జిల్లాలోని పడమటి కనుమలలో పుట్టి, 184 కిలోమీటర్లు ప్రవహించి కార్వార్ వద్ద అరేబియా సముద్రంలో కలుస్తుంది. దాండేలికి చేరువలోని గణేశ్‌గుడి వద్ద ఈ నదిపై 101 మీటర్ల ఎత్తైన సూపా ఆనకట్ట ఉన్నది. రాఫ్టింగ్ ఆ ఆనకట్టకు దిగువన జరుగుతుంది. విద్యుదుత్పత్తి కోసం పైనుంచి ఎంత నీరు వదిలితే దిగువన అంత ప్రవాహం. నీరు వదలని రోజున పడవ కదలదు. ఎక్కువగా వదిలిన రోజున అదే నది వేరొక నదిగా మారుతుంది.

ఈ చివరి మాటను తల్లిదండ్రులూ, పిల్లలూ గట్టిగా గుర్తుంచుకోవాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నది మన తెలుగు ఇళ్లలో నింపిన దుఃఖం ఇంకా మరపునకు రాలేదు. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలోని బండలపై నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి విడుదలైన నీరు ఒక్కసారిగా వచ్చిపడింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. వారు రాఫ్టింగ్ చేయలేదు, సాహసాలకు పూనుకోలేదు. పారే నీటి పక్కన కొద్దిసేపు నిలబడ్డారు, అంతే. రక్షణ కవచం ధరించి, శిక్షణ పొందిన వ్యక్తి వెంట పడవలో వెళ్లడం కంటే, ఎవరూ లేని చోట సెల్ఫీ కోసం బండ ఎక్కడమే ఎక్కువ ప్రమాదకరం కావచ్చునని ఆ విషాదం మనకు బోధిస్తున్నది.

ఒంటెను కట్టిన తరువాతే భరోసా

ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండా వదిలివేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టివేసి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. తిర్మిజీలోని ఈ హదీసు మనకు కంఠోపాఠమే. నది ఒడ్డున దీని అర్థం ఏమిటి? లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించుకోవడం. హెల్మెట్ గడ్డం కింద కట్టుకోవడం. బయలుదేరే ముందు గైడు చెప్పే మాటలను నవ్వులాటలలో పోగొట్టుకోకుండా వినడం. ఎలాగూ రాసిపెట్టి ఉన్నదే జరుగుతుందంటూ పట్టీలు వదులుగా వదిలినవాడు తవక్కుల్ పేరుతో నిర్లక్ష్యాన్ని ఆచరిస్తున్నాడు.

గైడు చెప్పే మాటలు కొన్నే, కాని ప్రతిదాని వెనుక కారణం ఉన్నది. పాదాలను పడవలోని గాలి గొట్టాల కిందకు జొనిపి కూర్చోమంటారు, అలల కుదుపునకు బయటికి విసిరివేయబడకుండా. తెడ్డు పైకొనను అరచేతితో మూసి పట్టుకోమంటారు, అది ఊడి పక్కవాని ముఖానికి తగలకుండా. పొరపాటున నీటిలో పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలను ప్రవాహం వెళ్లే దిశగా పైకెత్తి ఉంచమంటారు. వేగంగా పారే నీటిలో నిలబడే ప్రయత్నం చేయరాదు. అడుగున రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచివేస్తుంది. విసిరిన తాడును పట్టుకోవాలి గాని చేతికి చుట్టుకోరాదు. ఈ సూచనలు చెప్పని చోట, లైఫ్ జాకెట్లు చిరిగి ఉన్న చోట, వర్షాలకు నది ఉప్పొంగినా పడవలు వేసే చోట డబ్బు చెల్లించి ఉన్నా సరే వెనుదిరగాలి. తనకు గాని, ఇతరులకు గాని హాని తలపెట్టరాదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. గుండెజబ్బు, మూర్ఛ వంటి వ్యాధులు ఉన్నవారు ఆ సంగతిని దాచి పడవ ఎక్కడం తమకే కాక తోటివారికి కూడా అపాయం.

నలుగురిలో ఒకరు అమీర్

ముగ్గురు కలిసి ప్రయాణానికి బయలుదేరినా తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆ నలుగురికి నేను ఈ హదీసునే గుర్తు చేశాను. వారు తమలో వయసులో పెద్దవాడిని అమీర్‌గా ఎంచుకున్నారు. డ్రైవింగ్‌లో ఎవరి వంతు ఎప్పుడు, నిద్ర వస్తే కారు ఎక్కడ ఆపాలి, నమాజుకు ఎక్కడ దిగాలి అన్న నిర్ణయాలు అతనివే. 400 కిలోమీటర్లకు పైబడిన దారిలో అసలు ప్రమాదం నదిలో కంటే రోడ్డు మీదే పొంచి ఉంటుంది. రాత్రంతా నడిపి తెల్లవారేసరికి చేరాలన్న పంతాన్ని ఆపగలిగే అమీర్ ఒకడు ఉండడం ఎంతో మేలు.

పడవలోనూ ఇదే సూత్రం. ఒడ్డున ఎవరి అభిప్రాయం వారిది కావచ్చు. ఉరవడిలో ప్రవేశించాక మాత్రం వెనుక కూర్చున్న గైడు మాట ఒక్కటే చెల్లుతుంది. ముందుకు వేయమన్నప్పుడు అందరూ ఒకేసారి ముందుకు వేయాలి, ఆపమన్నప్పుడు అందరూ ఆపాలి. ఒక్కరు తమ తెలివిని ప్రదర్శించినా పడవ అడ్డం తిరుగుతుంది. ఇమామ్ వెనుక జమాఅత్‌లో ఒక్కటిగా వంగి లేచే అలవాటున్న సముదాయానికి ఈ క్రమశిక్షణ కొత్త కాదు.

ఇక నమాజు విషయం. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం వెళ్లే ఉద్దేశంతో బయలుదేరి, ఒకే చోట 15 రోజుల కంటే తక్కువ ఉండేవారు ప్రయాణికులు. ఊరి పొలిమేర దాటిన తరువాత వారు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగుకు బదులు రెండేసి రకాతులుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక చేస్తే పూర్తిగానే చేయాలి. అల్లాహ్ ఇంత సులభం చేసిన తరువాత కూడా పడవ సమయం కుదరలేదని నమాజు విడిచిపెట్టడానికి సాకు మిగలదు. బుకింగ్ చేసేటప్పుడే నమాజు వేళను చూసుకోవాలి.

దుస్తుల విషయంలో కూడా శ్రద్ధ అవసరం. పురుషులకు నాభి నుంచి మోకాళ్ల వరకు కప్పుకోవడం విధి. పొట్టి నిక్కర్లకు బదులు త్వరగా ఆరే పూర్తి పొడవు ప్యాంటు వేసుకుంటే షరీఅత్ మర్యాద నిలుస్తుంది, ఎండకూ రాళ్ల రాపిడికీ కాళ్లు కాపాడబడతాయి. కుటుంబంతో వెళ్లేవారు స్త్రీల పరదాకు, తడిసిన తరువాత మార్చుకోవడానికి తగిన ఏర్పాటు ఉన్నదో లేదో ముందే విచారించాలి.

ఎవరూ చూడని చోట

అసలు పరీక్ష ఆ యువకులకు ఉరవడిలో ఎదురు కాలేదు. ఉరవడులన్నీ క్షేమంగా దాటారు. ఒక్కొక్క అల పడవను ఎత్తి కుదేసినప్పుడు తమ నోట అప్రయత్నంగా అల్లాహ్ నామమే వెలువడిందని వారు తరువాత నాతో చెప్పారు. పరీక్ష ప్రశాంతమైన చోట వచ్చింది. ఉరవడులు ముగిశాక నది వెడల్పై నెమ్మదిస్తుంది. అక్కడ, కావలసినవారు పడవ తాడు పట్టుకొని కొద్దిసేపు నీటిలో తేలవచ్చునని గైడు చెప్పాడు. ఇద్దరు వెంటనే దూకారు. "రా, ఏమీ కాదు! మీ అమ్మీకి ఎవరు చెబుతారు?" అని నాలుగవవానిని పిలిచారు. ఒకడు అతని చేయి పట్టి లాగబోయాడు.

అతడు దిగలేదు. "మాటిచ్చాను" అని మాత్రం అన్నాడు.

అప్పుడు అమీర్‌గా ఉన్న మిత్రుడు లాగుతున్నవాని చేయి విడిపించి, తానూ దిగకుండా అతని పక్కనే కూర్చున్నాడు. ఈత బాగా వచ్చినవాడు, దూకాలని ముచ్చటపడినవాడు అతడే. "వాడు ఒంటరివాడు కాకూడదని కూర్చున్నాను హజ్రత్" అన్నాడు నాతో. స్నేహధర్మాన్ని గురించి నేను పాఠశాలలో చెప్పిన పాఠాల కంటే ఆ ఒక్క పని గొప్పదనిపించింది నాకు.

హాస్యానికైనా మిత్రుని నీటిలోకి నెట్టడం, లాగడం మన యువకులు తేలికగా తీసుకుంటారు. ఒక ప్రయాణంలో నిద్రిస్తున్న సహచరుని తాడును కొందరు పరిహాసానికి తీయగా, అతడు ఉలిక్కిపడి లేచాడు. ఒక ముస్లిం మరొక ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) ఆ సందర్భంలోనే హెచ్చరించినట్లు అబూదావూద్‌లో ఉన్నది. తాడు తీయడమే అంతటిదైతే, నది మధ్యలో చేసే పరిహాసం మాటేమిటి?

ప్రయాణానికి అరబ్బీలో సఫర్ అని పేరు. మనుషుల స్వభావాలపై ఉన్న తెరను తొలగిస్తుంది కనుక దానికి ఆ పేరు వచ్చిందని ఇమామ్ గజాలీ వివరించారు. ఒక వ్యక్తి మంచివాడని సాక్ష్యమిచ్చిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి), అతనితో కలిసి ప్రయాణం చేశావా అని ప్రశ్నించడంలోని ఆంతర్యం ఇదే.

దివ్యఖుర్ఆన్ సముద్రయానాన్ని పలుచోట్ల ప్రస్తావిస్తూ మనిషిలోని ఒక దౌర్బల్యాన్ని ఎత్తి చూపింది. అలలు చుట్టుముట్టినప్పుడు అతడు చిత్తశుద్ధితో అల్లాహ్‌ను మొరపెట్టుకుంటాడు, క్షేమంగా నేలకు చేరగానే ముఖం తిప్పుకుంటాడు. యూనుస్, బనీ ఇస్రాయీల్, అన్‌కబూత్, లుఖ్మాన్ సూరాలలో ఈ హెచ్చరిక పునరావృతమైంది. నేల మీద కూడా తమకు రక్షణ అవసరమేనన్న సంగతి వారికి స్ఫురించదు.

దీనికి భిన్నంగా నిలిచినవారు హజ్రత్ ఇక్రిమా (రజి). అబూజహల్ కుమారుడైన ఆయన మక్కా విజయం నాడు, హిజ్రీ 8లో, పారిపోయి ఓడ ఎక్కారు. తుఫాను చెలరేగింది. ఇప్పుడు ఒక్క అల్లాహ్‌ను తప్ప మరెవరినీ పిలవడం ప్రయోజనం లేదని ఓడలోనివారు అన్నారు. సముద్రంలో రక్షించగలిగినవాడు ఆయన ఒక్కడే అయితే నేల మీద కూడా ఆయనే కదా అని ఇక్రిమా యోచించారు. బతికి బయటపడితే ముహమ్మద్ (స) వద్దకు వెళ్లి ఆయన చేతిలో చేయి వేస్తానని అల్లాహ్‌తో ప్రమాణం చేశారు. ఒడ్డు చేరారు. ఆ ప్రమాణాన్ని మరువలేదు. వెళ్లి ఇస్లాం స్వీకరించారు. అలల మధ్య చేసిన వాగ్దానాన్ని నేల మీద నిలబెట్టుకోవడం ఆయన ఘనత. ఇంట్లో తల్లికి చేసిన వాగ్దానాన్ని నది మీద నిలబెట్టుకోవడం ఆ యువకుడు చూపిన నిజాయితీ. మాట ఎక్కడ ఇచ్చినా, విన్నవాడూ చూసేవాడూ ఒక్కడే.

తల్లిదండ్రులకు ఒక మనవి. వద్దన్న ఒక్క మాటతో ద్వారం మూసివేస్తే పిల్లలు కిటికీ వెతుకుతారు. ఎక్కడికి, ఎవరితో, ఏ జాగ్రత్తలతో అని ఆ తల్లి వలె అడగండి. తృప్తి కలిగితే షరతు పెట్టి, దుఆ చేసి పంపండి. తృప్తి కలగకపోతే కారణం చెప్పి ఆపండి. నీటి భయం ఉన్న ఇళ్లలో పిల్లలకు ఈత నేర్పించండి. ఆ తల్లి ఇప్పుడు తన కుమారుని శిక్షకుడు ఉన్న ఈతకొలనుకు తానే పంపుతున్నది.

యువకులకు ఒక మనవి. ప్రయాణ దుఆతో బయలుదేరండి, అమీర్‌ను ఎన్నుకోండి, నమాజును కాపాడుకోండి, పని పూర్తి కాగానే ఇంటివారి వద్దకు త్వరగా తిరిగి రండి. ప్రయాణం నిద్రాహారాలకు అంతరాయం కలిగించే యాతనలో ఒక భాగమని, అవసరం తీరగానే కుటుంబాన్ని చేరుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఇంటి దగ్గర మీ ఫోను కోసం ఎదురుచూసే తల్లికి ఆ యాతన మీ కంటే ఎక్కువ.

కరుణామయుడైన అల్లాహ్ మన పిల్లలను దారిలోనూ, నీటిలోనూ, ఒంటరితనంలోనూ కాపాడుగాక! ఇచ్చిన మాటను నిలబెట్టుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.